గడప మీది క్షణం: ఎస్టర్లను విడగొట్టే యాంటీబాడీలు

సభకు నమస్కారం.

చాలాకాలం మూలన పడి ఉన్న ఆస్పిరిన్ సీసా మూత తీస్తే సన్నగా వెనిగర్ వాసన వస్తుంది. మీలో కొందరైనా గమనించి ఉంటారు. ఆస్పిరిన్ ఒక ఎస్టర్. గాలిలోని తేమ సీసాలోకి చేరి, ఆ ఎస్టర్‌ను మెల్లమెల్లగా రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క సాలిసిలిక్ ఆమ్లం, రెండోది అసిటిక్ ఆమ్లం. వెనిగర్‌కు ఆ ఘాటునిచ్చేది ఈ రెండోదే. ఒక ఆమ్లమూ ఒక ఆల్కహాలూ కలిసి, ఒక నీటి అణువును వదులుకుంటే ఎస్టర్ పుడుతుంది. ఆ నీటిని తిరిగి ఇస్తే ఎస్టర్ విడిపోతుంది. దీనినే జలవిశ్లేషణ అంటాం.

చెప్పడానికి ఇంత సులభమైన ఈ పని జరగడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. రంగుల పరిశ్రమలో ద్రావణిగా వాడే ఇథైల్ అసిటేట్‌ను ఆమ్లమూ క్షారమూ లేని మామూలు నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే, అందులో సగం విడిపోవడానికి సుమారు 2 ఏళ్లు కావాలి. అదే మన శరీరంలో చూడండి. నరం నుంచి కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్ కూడా ఎస్టరే. కబురు అందగానే అది విడిపోవాలి, లేకపోతే కండరం బిగుసుకుపోతుంది. అక్కడ కాపలా ఉన్న ఎంజైమ్ ఒక్కో అణువు సెకనుకు వేల అసిటైల్‌కోలిన్ అణువులను విడగొడుతుంది. ఒకే రకం బంధం, అదే నీరు. ఒకచోట ఏళ్లు పడితే, మరోచోట సెకనులో వెయ్యో వంతు కూడా అక్కరలేదు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఎంజైమ్‌ల గురించి కాదు. ఈ పనితో పుట్టుకలో ఏ సంబంధమూ లేని యాంటీబాడీల గురించి. పాఠ్యపుస్తకాల్లో వీటినే ప్రతిదేహాలు అన్నారు. శరీరంలోకి వచ్చిన పరాయి పదార్థాన్ని గుర్తించి పట్టుకోవడం యాంటీబాడీ పని. పట్టుకున్నదాన్ని మార్చడం దాని పని కాదు. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంటుంది, తక్కిన కణాలు వచ్చి దాని సంగతి చూస్తాయి. అటువంటి యాంటీబాడీ ఒక ఎస్టర్‌ను పట్టుకుని, రెండు ముక్కలు చేసి, ముక్కలను వదిలి, మళ్లీ కొత్త ఎస్టర్ కోసం సిద్ధమవుతుందని 1986లో రెండు పరిశోధన బృందాలు చూపించాయి. నా చదువులో నన్ను ఇంతగా కదిలించిన ఫలితాలు చాలా తక్కువ. దేన్ని పట్టుకోవాలో సరిగ్గా ఎంచి చూపితే, పట్టుకోవడమే విడగొట్టడంగా మారుతుందని అది రుజువు చేసింది. ఈ వాక్యాన్ని విప్పి చెప్పడానికే నేనిక్కడ నిలబడ్డాను.

ముందు ఎస్టర్ లోపలికి వెళదాం. బోర్డు మీద గీశాను చూడండి. మధ్యలో ఒక కార్బన్. దానికి ఒక పక్క రెండు బంధాలతో ఒక ఆక్సిజన్, మరో పక్క ఒక బంధంతో ఇంకో ఆక్సిజన్, దాని వెనుక ఆల్కహాల్ భాగం. మూడో పక్క ఆమ్లం తాలూకు మిగతా గొలుసు. ఈ మూడూ, మధ్యనున్న కార్బనూ ఒకే తలంలో, బల్ల మీద పరిచిన కాగితంలా ఉంటాయి. ఇప్పుడు నీటి నుంచి వచ్చిన హైడ్రాక్సైడ్ ఆ కాగితం పైనుంచి దిగి కార్బన్‌ను తాకుతుంది. కార్బన్‌కు నాలుగో దిక్కున కొత్త బంధం ఏర్పడుతోంది కాబట్టి తక్కిన మూడూ కిందికి వంగక తప్పదు. సమతలంగా ఉన్నది చతుర్ముఖి ఆకారానికి తిరుగుతుంది. అదే సమయంలో, రెండు బంధాలతో ఉన్న ఆక్సిజన్ తన బంధాల్లో ఒకదాన్ని వదులుకుని, ఆ ఎలక్ట్రాన్లను తన మీద వేసుకుంటుంది. అంటే దాని మీద రుణావేశం పేరుకుంటుంది. మరుక్షణం ఆ ఎలక్ట్రాన్లు వెనక్కి వస్తాయి, రెండు బంధాల అమరిక తిరిగి ఏర్పడుతుంది, ఆల్కహాల్ భాగం తెగి బయటికి పోతుంది. కార్బన్ మళ్లీ సమతలం.

ఇందులో కష్టమంతా మధ్యలోనే ఉంది. గడప దాటుతున్న మనిషిని తలచుకోండి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఎస్టర్‌గా ఉన్నది గడపకు ఇవతలి నేల, ముక్కలైపోయింది అవతలి నేల. గడప మీద ఉన్న ఆ వంగిన, ఆవేశం మోస్తున్న రూపాన్ని పరివర్తన స్థితి అంటారు. కచ్చితంగా చెప్పాలంటే, చతుర్ముఖి రూపం మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకునే మజిలీ. దానికి ముందూ వెనుకా ఉన్న శిఖరాలే అసలు పరివర్తన స్థితులు. అయితే ఆ శిఖరాలు రెండూ ఆకారంలోనూ ఆవేశంలోనూ ఈ మజిలీని బాగా పోలి ఉంటాయి కాబట్టి మన అవసరానికి ఒకే గడపగా తీసుకుందాం. శిఖరం మీద అణువు నిలిచే కాలం ఎంతో తెలుసా? సెకనును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. దాన్ని సీసాలో పట్టలేం, ఇంకొకరికి చూపించలేం. గడప ఎత్తు మాత్రం లెక్క కట్టగలం. ఎస్టర్ విడిపోవడం నెమ్మదిగా ఉందంటే ఆ గడప ఎత్తుగా ఉందని అర్థం.

ఎంజైమ్ ఈ ఎత్తును ఎలా తగ్గిస్తుంది? 1894లో రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ తాళం, తాళంచెవి పోలిక చెప్పాడు. ఎంజైమ్‌లో ఒక గుంత ఉంటుంది, పదార్థం అందులో సరిగ్గా ఇముడుతుంది అని. అందమైన పోలికే గానీ, అందులో ఒక చిక్కు ఉంది. దీన్ని గడప బొమ్మలోనే చూడండి. ఎంజైమ్ గనక మామూలు ఎస్టర్‌ను గట్టిగా పట్టుకుంటే, ఎస్టర్‌కు అక్కడ హాయిగా ఉంటుంది. అంటే దాని శక్తి తగ్గుతుంది, ఇవతలి నేల ఇంకా లోతుకు దిగిపోతుంది. నేలను తవ్వి గుంత చేసుకుని, అందులో నిలబడి గడప దాటాలని చూసినట్టు అవుతుంది. గడప అంతే ఉన్నా మనకు ఎత్తు పెరిగింది. అందుకే, ఎంత గట్టిగా పట్టుకున్నా సరే, వట్టి పట్టు వల్ల వేగం రాదు.

ఈ చిక్కు విప్పినవాడు రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్. 1946లోనూ 1948లోనూ ఆయన స్పష్టంగా రాశాడు: ఎంజైమ్ గుంత ఆకారం మామూలు పదార్థానికి సరిపోయేలా ఉండదు, పరివర్తన స్థితికి సరిపోయేలా ఉంటుంది. గడప మీది రూపాన్ని గట్టిగా, ఇవతలి రూపాన్ని వదులుగా పట్టుకుంటే గడప దిగుతుంది, నేల మాత్రం పెద్దగా దిగదు. వేగం పుట్టేది ఈ తేడాలోనే.

ఇక్కడ చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు ఉంది. ఇదే పౌలింగ్ 1940లో యాంటీబాడీలు ఎలా తయారవుతాయో కూడా ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. పరాయి పదార్థాన్ని అచ్చుగా పెట్టుకుని యాంటీబాడీ దాని చుట్టూ ముడుచుకుంటుంది అన్నాడు. అది తప్పని తర్వాత తేలింది. నిజానికి మన శరీరం ముందుగానే రకరకాల యాంటీబాడీలను తయారుచేసి ఉంచుకుంటుంది. వచ్చిన పదార్థానికి సరిపోయినదాన్ని ఎంచి, దాన్ని లెక్కకు మిక్కిలిగా పెంచుతుంది. ఆ ఎంపికలోనే చిన్న చిన్న మార్పులు చేస్తూ పట్టును బిగిస్తుంది. ఎంజైమ్ గురించి ఆయన చెప్పింది సరైనది, యాంటీబాడీ గురించి చెప్పింది పొరపాటు. అయినా రెండింటినీ ఒకే చూపుతో, ఆకారానికి ఆకారం అమరడంగా చూసిన ఘనత ఆయనదే. యాంటీబాడీల గురించిన ఈ పొరపాటు, ఎంజైమ్‌ల గురించిన ఆ నిజాన్ని వాడుకోవడానికి అడ్డం కాలేదు.

1969లో విలియం జెంక్స్ ఎంజైమ్‌ల మీద రాసిన గ్రంథంలో ఈ రెండు దారులనూ కలిపాడు. పరివర్తన స్థితిని పోలిన పదార్థాన్ని చూపించి యాంటీబాడీ తయారు చేయిస్తే, అది ఉత్ప్రేరకంగా పనిచేయాలి కదా అన్నాడు. ఆలోచన అంత స్పష్టంగా ఉన్నా, అది ఫలించడానికి 17 ఏళ్లు పట్టింది. రక్తంలో ఉన్న యాంటీబాడీలు వేల రకాల కలగూరగంప. అందులో పనిచేసేది ఒకటి ఉన్నా, మిగతావాటి మధ్య దాన్ని కనిపెట్టడం కష్టం. 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ యాంటీబాడీని తయారుచేసే ఒక్క కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత పండించే పద్ధతి కనుగొన్నారు. మోనోక్లోనల్ యాంటీబాడీలు అంటే ఇవే. 1984లో వారికి నీల్స్ జెర్నెతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. సాధనం దొరికింది. ఇక మిగిలింది, గడప మీది రూపానికి ఒక నకలు.

ఆ నకలు పేరు ఫాస్ఫోనేట్. ఈ అణువును తయారుచేయడంలో ఉన్న తెలివి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, క్షమించండి. ఎస్టర్‌లో మధ్యనున్న కార్బన్ తీసేసి ఆ స్థానంలో ఫాస్ఫరస్ పెడతారు. ఫాస్ఫరస్‌కు ఇక్కడ సహజంగానే నాలుగు దిక్కులా బంధాలుంటాయి, అంటే చతుర్ముఖి ఆకారం. కార్బన్ క్షణకాలం మాత్రమే తీసుకోగలిగే ఆకారాన్ని ఫాస్ఫరస్ ఏళ్ల తరబడి నిలుపుకుంటుంది. దానికి అంటుకున్న రెండు ఆక్సిజన్లు ఒక రుణావేశాన్ని పంచుకుంటాయి, అంటే ఆవేశం కూడా కుదిరింది. ఫాస్ఫరస్, ఆక్సిజన్ల మధ్య దూరం కార్బన్, ఆక్సిజన్ల మధ్య ఉండేదానికన్నా కొంచెం ఎక్కువ. గడప మీద బంధాలు సాగి ఉంటాయి కాబట్టి ఆ తేడా కూడా మనకు అనుకూలమే. ఎస్టర్‌ను ముక్కలు చేసే నీటికి ఈ ఫాస్ఫోనేట్ లొంగదు. గడప మీద నిలబడ్డ మనిషికి రాతి విగ్రహం చెక్కినట్టు.

ఇంత చిన్న అణువును ఒంటరిగా ఎక్కిస్తే రోగనిరోధక వ్యవస్థ పట్టించుకోదు. కాబట్టి దాన్ని ఒక పెద్ద ప్రోటీన్‌కు అతికించి ఎలుకలకు ఎక్కిస్తారు. ఎలుక శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ప్లీహం నుంచి కణాలు తీసి, కోలర్, మిల్‌స్టీన్ పద్ధతిలో ఒక్కొక్క కణం నుంచి ఒక్కొక్క రకాన్ని వేరుచేసి పెంచుతారు. ముందుగా ఫాస్ఫోనేట్‌ను గట్టిగా పట్టుకునేవాటిని ఏరతారు. ఆ ఏరినవాటికి అప్పుడు నిజమైన ఎస్టర్‌ను అందిస్తారు.

ఎలుకకు రసాయన చర్యల గురించి ఏమీ తెలియదు. దానికి అప్పగించిన పని పట్టుకోవడమే, అది ఆ పనే చేసింది. యాంటీబాడీ చివర ఆరు మెలికలు కలిసి ఒక గుంతగా ఏర్పడతాయి. ఆ గుంత ఇప్పుడు వంగిన ఆకారానికి సరిపోయేలా తయారైంది. రుణావేశం ఉన్న ఆక్సిజన్ వచ్చే చోట ఆర్జినైన్ వంటి ధనావేశపు అమైనో ఆమ్లమో, హైడ్రోజన్ బంధం ఇవ్వగల టైరోసినో అమరి ఉంటుంది. సమతలంగా ఉన్న ఎస్టర్ ఆ గుంతలోకి వస్తే సరిగ్గా సర్దుకోలేదు, వదులుగానే ఉంటుంది. కానీ నీరు వచ్చి తాకి, కార్బన్ వంగి, ఆక్సిజన్ మీద ఆవేశం మొదలైన క్షణంలో చుట్టూ ఉన్న గుంత అంతా ఒక్కసారిగా అతికినట్టు సరిపోతుంది. ఆ సరిపోవడంలో విడుదలయ్యే శక్తే గడప ఎత్తును తగ్గిస్తుంది.

1986 డిసెంబరులో సైన్స్ పత్రికలో ఒకే సంచికలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి కాలిఫోర్నియాలోని లా హోయా నుంచి, స్క్రిప్స్ సంస్థలో అల్ఫాన్సో ట్రమొంటానో, కిమ్ జాండా, రిచర్డ్ లెర్నర్ రాసింది. వారు పైన చెప్పినట్టే ఫాస్ఫోనేట్‌తో కొత్త యాంటీబాడీలు తయారుచేశారు. రెండోది బర్కిలీ నుంచి, పీటర్ షుల్ట్జ్ బృందానిది. వీరు మరో దారి పట్టారు. ఫాస్ఫోరైల్‌కోలిన్ అనే పదార్థాన్ని పట్టుకుంటుందని అప్పటికే తెలిసిన ఒక యాంటీబాడీని తీసుకున్నారు. ఆ ఫాస్ఫోరైల్‌కోలిన్ ఏ పదార్థపు పరివర్తన స్థితిని పోలి ఉంటుందా అని వెనక్కి ఆలోచించి, ఎస్టర్‌కు దగ్గరి చుట్టమైన ఒక కార్బొనేట్‌ను ఎంచారు. ఇద్దరికీ వేగం వెయ్యి రెట్లకు కాస్త అటూ ఇటూగా పెరిగింది. జెంక్స్ ఊహ నిజమైంది. ఈ కొత్త అణువులకు ఆబ్జైమ్‌లనే పేరు కూడా స్థిరపడింది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ వేగం యాంటీబాడీదేనని ఎలా తెలుసు? జీవకణాల నుంచి తీసిన ఏ ద్రావణంలోనైనా ఎస్టర్లను విడగొట్టే సహజ ఎంజైమ్‌లుంటాయి. అవి చాలా చురుకైనవి. లక్ష యాంటీబాడీ అణువుల మధ్య ఒక్క ఎంజైమ్ అణువు దాక్కుని ఉన్నా, వచ్చిన వేగమంతా దానిదే కావచ్చు. ఈ రంగంలో పనిచేసినవారి నిజాయితీ ఈ అనుమానాన్ని ఎదుర్కొన్న తీరులోనే తెలుస్తుందని నా అభిప్రాయం. వారు యాంటీబాడీని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు, శుద్ధి పెరిగినా చురుకుదనం తగ్గకూడదు. యాంటీబాడీని కోసి, పట్టుకునే చివరి భాగాన్ని మాత్రమే వేరుచేసి చూశారు, అదీ పనిచేయాలి. అన్నిటికన్నా గట్టి పరీక్ష ఫాస్ఫోనేట్‌దే. దాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పోతే, గుంతలన్నీ విగ్రహాలతో నిండిపోయి, పని ఆగిపోవాలి. ఎన్ని గుంతలున్నాయో అన్ని విగ్రహాలకే సరిగ్గా ఆగాలి. దాక్కున్న ఎంజైమ్ అయితే ఈ లెక్కకు లొంగదు. ఈ పరీక్షలకు వారు ఎంచుకున్న ఎస్టర్లు కూడా తెలివైనవి. విడిపోగానే పారా నైట్రోఫినాల్ అనే పసుపు పదార్థాన్ని వదిలే ఎస్టర్లను ఎక్కువగా వాడారు. పసుపు ఎంత వేగంగా ముదురుతోందో కొలిస్తే చాలు, చర్య వేగం తెలిసిపోతుంది.

వేగం ఎంత పెరగాలో ముందే అంచనా వేయవచ్చు. సూత్రం సులభం. యాంటీబాడీ ఎస్టర్‌ను ఎంత వదులుగా పట్టుకుంటుందో, పరివర్తన స్థితిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఆ రెండింటి నిష్పత్తే వేగం పెరుగుదల. పరివర్తన స్థితిని నేరుగా కొలవలేం కాబట్టి దాని బదులు విగ్రహం మీది పట్టును కొలుస్తారు. ఎస్టర్ కంటే ఫాస్ఫోనేట్‌ను వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకునే యాంటీబాడీ వేగాన్ని సుమారు వెయ్యి రెట్లు పెంచాలి. చాలా యాంటీబాడీలలో ఈ లెక్క దాదాపుగా కుదిరింది. గది ఉష్ణోగ్రత దగ్గర వేగం పది రెట్లు పెరగాలంటే గడపను మోలుకు సుమారు 1.4 కిలోక్యాలరీలు దించాలి. ఒక మంచి హైడ్రోజన్ బంధం ఇంతకన్నా ఎక్కువే ఇవ్వగలదు. కాబట్టి రెండు మూడు బంధాలు సరైన చోట పడితే వెయ్యి రెట్లు రావడంలో ఆశ్చర్యం లేదు. అవి సరైన చోట పడటమే ఆశ్చర్యం.

తర్వాతి రెండేళ్లలో పని వేగం పుంజుకుంది. 1988లో ట్రమొంటానో, లెర్నర్‌ల బృందం 62 లక్షల 50 వేల రెట్ల వేగం చూపింది. అదే ఏడాది జాండా, బెంకోవిక్, లెర్నర్‌ల బృందం ఇంకా కఠినమైన అమైడ్ బంధం మీదికి వెళ్లింది. ఎస్టర్‌లో ఆల్కహాల్ వైపు ఆక్సిజన్ ఉన్నచోట నత్రజని ఉంటే అది అమైడ్. ప్రోటీన్లను కలిపి ఉంచే బంధం ఇదే జాతికి చెందినది. మామూలు నీటిలో అది తెగడానికి వందల ఏళ్లు పడుతుంది. వారు పరీక్షించినది అంత మొండిది కాదు, తేలిగ్గా తెగే రకమే. అయినా 43సి9 అనే వారి యాంటీబాడీ దాన్ని రెండున్నర లక్షల రెట్లు వేగంగా విడగొట్టింది. అదే యాంటీబాడీ ఎస్టర్లనూ విడగొడుతుంది.

ఈ 43సి9 నాకెందుకు ఇష్టమో చెబుతాను. ఇందాకటి నిష్పత్తి సూత్రానికి ఇది లొంగలేదు. లెక్క ప్రకారం రావలసినదానికన్నా ఎక్కువ వేగం చూపింది. కారణం వెతికితే, దాని గుంతలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉందని, అది నీటి కోసం ఎదురుచూడకుండా తానే ఎస్టర్ కార్బన్‌ను తాకుతోందని తేలింది. ఆమ్లం ముక్క కొద్దిసేపు యాంటీబాడీకే అతుక్కుంటుంది, తర్వాత నీరు వచ్చి దాన్ని విడిపిస్తుంది. పక్కనే ఉన్న ఆర్జినైన్ ఆక్సిజన్ మీది ఆవేశాన్ని ఆదుకుంటుంది. జీర్ణక్రియలో పనిచేసే సహజ ఎంజైమ్‌లు కైమోట్రిప్సిన్, ట్రిప్సిన్ కూడా ఇదే పంథాలో, తామే ముందుగా తాకి, తర్వాత నీటితో విడిపించుకుంటాయి. అవి సెరీన్ వాడతాయి, ఇది హిస్టిడిన్ వాడింది. ఎవరూ అడగకుండానే ఒక యాంటీబాడీ ఎంజైమ్‌ల కిటుకు ఒకటి అందిపుచ్చుకుంది. ఫాస్ఫోనేట్ లాంటి విగ్రహం దాన్ని నేర్పలేదు, గుంత బిగుసుకునే దారిలో అది తారసపడింది.

ఇక 48జి7 కథ వేరు. షుల్ట్జ్ బృందం ఈ యాంటీబాడీని ముందూ వెనుకా పెట్టి చూసింది. ఎలుక శరీరంలో మొదట ఎంపికైన మూలరూపం ఒకటి. పట్టు బిగించే క్రమంలో 9 అమైనో ఆమ్లాలు మారాక వచ్చిన రూపం మరొకటి. ఆ 9 మార్పులతో ఫాస్ఫోనేట్ మీది పట్టు 30,000 రెట్లు పెరిగింది. ఎస్టర్‌ను విడగొట్టే సామర్థ్యం మాత్రం వంద రెట్లకు లోపే పెరిగింది. 1997లో స్ఫటిక నిర్మాణాలు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. మారిన అమైనో ఆమ్లాల్లో ఒక్కటీ ఫాస్ఫోనేట్‌ను నేరుగా తాకడం లేదు, కొన్ని చాలా దూరంగా ఉన్నాయి. మూలరూపం ఫాస్ఫోనేట్ వచ్చినప్పుడు ఆకారం మార్చుకుని సర్దుకుంటుంది. 9 మార్పుల తర్వాతి రూపం ముందే ఆ ఆకారంలో సిద్ధంగా ఉంటుంది. దూరంగా ఉన్న మార్పులు గుంతను ఆ భంగిమలో బిగించి పెట్టాయి. ఫిషర్ చెప్పిన తాళం పోలిక ఇక్కడ మళ్లీ వినిపిస్తుంది, కాకపోతే ఈ తాళం విగ్రహానికి సరిపోయిన తాళం.

30,000 ఎక్కడ, వంద ఎక్కడ? ఈ అంతరం గురించే నేను చాలాకాలం ఆలోచించాను. ఎలుకను మనం అడిగింది విగ్రహాన్ని పట్టుకోమని. అది విగ్రహాన్నే అద్భుతంగా పట్టుకుంది. విగ్రహానికీ మనిషికీ ఎక్కడెక్కడ తేడా ఉందో అక్కడక్కడ మన ప్రతిఫలం జారిపోయింది.

ఉత్ప్రేరక యాంటీబాడీల పరిమితులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. మొదటిది పట్టుకు ఉన్న పైకప్పు. యాంటీబాడీని ఉపరితలం మీద మోస్తున్న కణం, పట్టుకున్న పదార్థాన్ని లోపలికి తీసుకునేంతవరకు జారవిడవకపోతే చాలు, ఎంపికలో గెలిచినట్టే. అంతకన్నా గట్టిగా పట్టుకున్నదానికి అదనపు లాభం లేదు. సహజ ఎంజైమ్‌లకు అటువంటి కప్పు లేదు. 1995లో లెక్కించిన ఒక ఎంజైమ్ తన చర్యను 1 పక్కన 17 సున్నాలు పెట్టినంత రెట్లు వేగవంతం చేస్తుంది. యాంటీబాడీ లక్షల దగ్గర ఆగిపోతే, దాని వెనుక కోట్ల ఏళ్ల ఎంపిక లేదని, కొన్ని వారాల ఎంపికే ఉందని గుర్తుంచుకోవాలి.

రెండో చిక్కు పని అయ్యాక మొదలవుతుంది. ముక్కలు గుంత వదిలి వెళ్లాలి. విడిపోయిన ముక్కల్లో ఒకటి ఫాస్ఫోనేట్‌లోని భాగాన్ని బాగా పోలి ఉంటే అది గుంతలోనే తిష్ఠ వేస్తుంది. గడపకు అవతలి నేలను తవ్వినట్టు. కొత్త ఎస్టర్‌కు చోటుండదు, వేగం మొదట్లో బాగుండి తర్వాత పడిపోతుంది. విగ్రహం రూపకల్పనలోనే, ముక్కకు విగ్రహానికి తేడా వచ్చేలా జాగ్రత్తపడటం ఈ పనిలో అతి కష్టమైన భాగం.

మూడోది, గడప దాటడానికి తోడ్పడే చేతులు లేకపోవడం. నిజమైన ఎంజైమ్‌లో ప్రోటాన్ ఇచ్చే పరమాణు గుంపులు, తీసుకునే గుంపులు సరైన కోణంలో కాచుకుని ఉంటాయి. విగ్రహంలో ఆవేశం ఎక్కడ పెడితే యాంటీబాడీలో దానికి ఎదురు ఆవేశం ఉన్న గుంపు అక్కడ వస్తుందని గ్రహించి, కొందరు అదనపు ఆవేశాలు పొదిగిన విగ్రహాలను వాడారు. కొంత ఫలితం కనిపించింది, ఎంజైమ్‌లంత కాదు.

అయితే ఒక విషయంలో ఇవి మొదటి నుంచీ మెరిశాయి. కుడి చేతికీ ఎడమ చేతికీ ఉన్నంత తేడా ఉన్న ప్రతిబింబ అణువులలో ఏదో ఒకదానిని మాత్రమే ఎంచి విడగొట్టే యాంటీబాడీలను 1989కల్లా జాండా, బెంకోవిక్, లెర్నర్ చూపించారు. మందుల తయారీలో ఆ ఎంపిక ఎంత విలువైనదో రసాయన శాస్త్రం చదివినవారందరికీ తెలుసు.

వైద్యంలో ఆశ రేపిన ప్రయత్నం కొకైన్ మీద జరిగింది. కొకైన్‌లో రెండు ఎస్టర్ బంధాలున్నాయి. అందులో బెంజోయిల్ వైపున్నది తెగితే, మిగిలే ముక్కలకు మత్తు కలిగించే శక్తి ఉండదు. మెదడులో కొకైన్ పనిని అడ్డుకునే మందు దొరకడం కష్టమైనచోట, అది మెదడును చేరకముందే రక్తంలో ముక్కలు చేయవచ్చు కదా అని డొనాల్డ్ లాండ్రీ బృందం ఆలోచించింది. 1993లో ఆ బంధానికి తగిన ఫాస్ఫోనేట్‌తో మొదటి యాంటీబాడీలను ప్రకటించారు. తర్వాత వచ్చిన 15ఎ10 అనే యాంటీబాడీ 1998 నాటి ప్రయోగాల్లో ఎలుకలను కొకైన్ విషప్రభావం నుంచి కాపాడింది. ఒక యాంటీబాడీ అణువు ఒక్క కొకైన్ అణువును పట్టుకుని ఆగిపోతే పెద్దగా ఉపయోగం లేదు, రక్తంలో కొకైన్ అంత ఎక్కువ ఉంటుంది. విడగొట్టి వదిలేసి మళ్లీ పట్టుకునే యాంటీబాడీ అయితే ఆ లెక్క మారిపోతుంది. తర్వాతి కాలంలో సహజ ఎంజైమ్‌లనే మార్చి, ఇంతకంటే చాలా చురుకైన సాధనాలు తయారుచేశారు. అయినా రక్తంలోనే ఎస్టర్‌ను తెంచే దారి సాధ్యమని జంతువులో తొలి రోజుల్లోనే చూపినవాటిలో ఈ యాంటీబాడీలున్నాయి.

నా సమయం దాదాపు అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి ప్రశ్న: ఇటువంటి యాంటీబాడీలు మన శరీరంలో సహజంగా ఉంటాయా?)

ఉంటాయి. 1989లో సుధీర్ పాల్ బృందం మనిషి రక్తంలోని కొన్ని యాంటీబాడీలు ఒక చిన్న పెప్టైడ్ హార్మోన్‌ను విడగొడుతున్నాయని ప్రకటించింది. అది ఎస్టర్ కాదు, అమైడ్ బంధం. ఎవరూ ఫాస్ఫోనేట్ ఎక్కించని శరీరాలలో కూడా ఇది కనబడటం చాలామందిని ఆలోచనలో పడేసింది.

(మరో ప్రశ్న: పరివర్తన స్థితిని ఎవరూ చూడలేరంటున్నారు. మరి విగ్రహం ఎంతవరకు సరైన పోలికో ఎలా తెలుస్తుంది?)

చాలా మంచి ప్రశ్న. పూర్తిగా పోలదని మనకు తెలిసిన చోటు ఒకటి చెబుతాను. బోర్డు మీద ఈ రెండు బొమ్మలు చూడండి. ఫాస్ఫోనేట్‌లో రుణావేశాన్ని రెండు ఆక్సిజన్లు సమానంగా పంచుకుంటున్నాయి. నిజమైన గడప మీద ఆవేశం ప్రధానంగా ఒక ఆక్సిజన్ మీదికి చేరుతోంది. రెండోది అప్పుడే వచ్చి తాకుతున్న హైడ్రాక్సైడ్ ఆక్సిజన్, దాని ఆవేశం తగ్గుతోంది. యాంటీబాడీ మాత్రం ఫాస్ఫోనేట్‌ను చూసి, ఆ రెండు ఆక్సిజన్ల కోసం బంధాలు సిద్ధం చేసుకుని ఉండవచ్చు. నిజమైన చర్యలో ఆ రెండో ఆక్సిజన్‌కు అంత గట్టి పట్టు అక్కరలేదు. పైగా అక్కడ పట్టు మరీ ఎక్కువైతే నీరు వచ్చే దారి ఇరుకవుతుంది. 48జి7లో 30,000 రెట్లు పెరిగిన పట్టులో కొంత భాగం ఇలా రెండో ఆక్సిజన్ దగ్గరే ఖర్చయి ఉండవచ్చు.